పట్టిన పిండే మళ్లీ పట్టించాడు

ఆ ఆదివారం పిండిమిల్లు ముందు వరసలో నిలబడ్డ వాళ్లందరి చేతుల్లోనూ గోధుమ సంచులున్నాయి. ఒక్కడి చేతిలో మాత్రం లాప్‌టాప్ ఉంది.

"మీదేంటి?" అంది మిల్లు అమ్మాయి, తలెత్తకుండానే.

"వర్క్‌షాపండీ."

"మెత్తగా పట్టాలా, బరకగానా?"

వరసంతా ఘొల్లుమంది. అతను మాత్రం నవ్వలేదు. ఇస్త్రీ చొక్కా మీద పడుతున్న పిండిని దులుపుకుంటూ, ఉన్న పరువును ఒకచోటికి కూడగట్టుకున్నాడు.

"పట్టడం కాదండీ, ఆపడం. ఓ గంట మీ మిల్లు ఆపాలి. పక్క హాల్లో మా వాలంటీర్లు పిల్లలకి ప్రోగ్రాం పెట్టారు. పదో తరగతితో చదువు ఎందుకు ఆపకూడదో పొద్దుట్నుంచీ చెబుతున్నాను. ఈ మోతలో నేను చెప్పేది నాకే వినపడట్లేదు."

"మీకే వినపడనిది వాళ్లకి వినపడి ఏం లాభం లెండి."

"చూడండీ, ఇది పిల్లల భవిష్యత్తుకు సంబంధించిన విషయం."

"ఇది వీళ్ల సాయంత్రం తిండికి సంబంధించిన విషయం. ఈ సంచులన్నీ అయ్యాక ఆపుతాను."

"ఎప్పటికవుతాయి?"

"ఈ ఊళ్లో జనం తినడం మానేశాక."

అతను ఏదో గొప్ప జవాబు చెప్పబోయాడు. నోరు తెరిచేసరికి పిండి లోపలికి పోయి పెద్ద తుమ్ము వచ్చింది. ఆ తుమ్ముకి గూట్లో ఉన్న పిండి కూడా లేచి అతని మీదే పడింది. కనుబొమలు, మీసం, చెవులు తెల్లబడిపోయి, పాతికేళ్ల కుర్రాడు క్షణంలో తాతయ్యగా మారిపోయాడు. ఆమెకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

"ఇదిగో, మేష్టారూ! హాలు ముందు స్తంభానికి మైకుంది చూశారా? అందులో చెప్పండి. మా మిల్లుని మించి వినపడేది ఈ ఊళ్లో అదొక్కటే."

ఆ ఒక్క ముక్క అనకుండా ఉంటే ఈ కథే లేదు.

ఆ మైకు సంగతి కొంచెం చెప్పాలి. అది నీళ్లు ఎప్పుడొదులుతారో, కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పడానికి తప్ప ఎన్నడూ నోరు విప్పలేదు. అందుకే అందులో వచ్చిన మాటకి తిరుగులేదు. ఒకసారి పంచాయతీ గుమాస్తా పొరపాటున "రేపు నీళ్లు రావు" అన్నాడు. మర్నాడు కుళాయిల్లో ధారగా నీళ్లొచ్చినా ఒక్కరూ బిందె పెట్టలేదు. మైకు రావన్నాక అవి నీళ్లెలా అవుతాయి?

అలాంటి మైకులో, పొరుగూరి నుంచి వచ్చిన ఆ అమాయకుడు గొంతు సవరించుకుని ప్రకటించాడు: "ఈ రోజు నుంచి వారం పాటు పిండిమిల్లు వారి చిన్నమ్మాయి ఈ ఊరి డాక్టర్! మంగలి షాపు వారి అబ్బాయి జడ్జి! సైకిల్ షాపు వారి అమ్మాయి ఇన్‌స్పెక్టర్! అందరూ వాళ్లని ఆ హోదాలోనే గౌరవించాలి!"

పిల్లలకి చదువు మీద ఆశ పుట్టించడానికి వాలంటీర్లు కనిపెట్టిన ఆట అది. బ్యాడ్జీలు కూడా ముచ్చటగా లామినేషన్ చేయించారు. అంతా బాగానే ఉంది. "ఇది ఆట" అనే ముక్క మాత్రం మైకులో చెప్పడం మర్చిపోయారు.

ఆ ఊరి ఆసుపత్రికి భవనం ఉంది, బోర్డుంది, డాక్టరు లేడు. పోస్టింగ్ వచ్చిన ప్రతివాడూ బస్సు దిగకముందే ట్రాన్స్‌ఫర్ చేయించుకునేవాడు. అలాంటిది ఒకేసారి ఇన్ని పోస్టింగులు, అదీ సొంత పిల్లలకి! ఊరు ఊరంతా మెడ చాచి విని, సంతోషంగా నమ్మేసింది.

*

సోమవారం పొద్దున మిల్లు ముందు మళ్లీ వరస. ఈసారి ఎవరి చేతిలోనూ సంచి లేదు. అందరికంటే ముందు మోకాళ్ల మామ్మ కూర్చుని ఉంది. మోకాళ్ల నొప్పి గురించి తప్ప వేరే విషయం మాట్లాడని కారణంగా ఆమెకా పేరు స్థిరపడింది.

మిల్లు అమ్మాయి చెల్లెలు, అదే ఊరి డాక్టరు, వచ్చి గోధుమ బస్తాల వెనక దాక్కుంది. బ్యాడ్జీ ఇంకా గౌనుకే ఉంది.

"అక్కా! మామ్మ నాకు మోకాలు చూపిస్తోంది!"

"చూడు మరి."

"చూశాను. మోకాల్లాగే ఉంది."

"ఆ మాటే వెళ్లి చెప్పు."

పాపం, పదహారేళ్ల పిల్ల. వణుక్కుంటూ బయటికి వెళ్లి, చేతులు కట్టుకుని నిలబడింది. "మామ్మా, నిజం చెబుతున్నా. నాకింకా ఏమీ తెలీదు. చదువుకుని వచ్చి చూస్తాను."

"ఎంతకాలం పడుతుంది?"

"చాలా ఏళ్లు పడుతుంది."

మామ్మ మోకాలు నిమురుకుంది. "ఆగుతాను. ఇన్నాళ్లు ఆగిన మోకాలు ఇంకొన్నాళ్లు ఆగలేదా? మరి ఎప్పుడు మొదలుపెడుతున్నావ్ చదువు?"

పిల్ల నేల చూపులు చూసింది. "నాన్న పంపనంటున్నారు."

అంతే. మోకాళ్ల నొప్పి మనిషి అంత వేగంగా లేవడం ఎవరూ చూసి ఉండరు. తూకం దగ్గర కూర్చున్న మిల్లు ఓనరు ఎదుటికెళ్లి, నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏరా! నా డాక్టరు చదువు ఆపడానికి నువ్వెవడివి?"

"నా కూతురు మామ్మా."

"నిన్నటి దాకా నీ కూతురు. మైకులో చెప్పాక ఊరి డాక్టరు."

*

ఆ గొడవంతా చూస్తూ మిల్లు అమ్మాయి చెక్కపలకతో పిండి తోస్తూ ఉండిపోయింది. చెవులు మాత్రం తండ్రి జవాబు మీదే ఉన్నాయి.

ఎందుకంటే ఆ చదువు విషయంలో ఆమె చేయని ప్రయత్నం లేదు. తను పదో తరగతి పాసైన ఏడాదే తండ్రికి నడుం పట్టేసింది, బస్తా ఎత్తలేని స్థితి. "నాలుగు రోజులు కూర్చోమ్మా" అన్నాడు. ఆ నాలుగు రోజులు ఆరేళ్లయ్యాయి. ఇప్పుడు పెద్దదానికి పెళ్లి చేసి పంపేసి, ఆ స్టూలు మీద చిన్నదాన్ని కూర్చోబెట్టాలని ఆయన లెక్క. అందుకే పెళ్లి మాటెత్తితే ఆమెకు ఒళ్లు మండేది. ఏ పెళ్లికొడుకు వచ్చినా ఆమె కంటికి చెల్లెలి పుస్తకాలు ఎత్తుకుపోవడానికి వచ్చినవాడిలాగే కనిపించేవాడు.

సాయంత్రం మైకబ్బాయి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఒక్కరోజులో ఊరు అతనికి ఆ పేరు పెట్టేసింది. మిగతా వాలంటీర్లు వ్యాన్‌లో వెళ్లిపోయారు, వారమంతా పిల్లలకి సాయంత్రం క్లాసులు చెప్పడానికి ఇతనొక్కడే హాలు మీద గదిలో దిగాడు.

"ఏమండీ! ఇన్‌స్పెక్టర్ నా స్కూటర్ పట్టుకుపోయింది! హ్యాండిల్ వంకరగా ఉందట!"

"వంకరగానే ఉందిగా."

"అది కాదండీ. ఊరంతా నిజమనుకుంటున్నారు. జడ్జి దగ్గరికి ఇద్దరన్నదమ్ములు మేక కేసు తెచ్చారు. వాడు లా చదివాక తీర్పు చెబుతానన్నాడు. అప్పటిదాకా మేకని ఇద్దరూ కలిసి మేపాలట. ఇంతవరకు మాట్లాడుకోని అన్నదమ్ములు ఇప్పుడు కలిసి గడ్డి కోస్తున్నారు! నేను వెంటనే మైకులో చెప్పేయాలి, ఇదంతా ఆటని."

ఆమె గబుక్కున వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీరా మైకు ముట్టుకున్నారంటే ఆ మీసం మిల్లులో వేస్తాను."

అతను అసంకల్పితంగా మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

"వచ్చే సోమవారం టౌన్ కాలేజీలో చేరడానికి ఆఖరి రోజు," అందామె. "నేను ఏడ్చి మొత్తుకున్నా కదలని మనిషి మా నాన్న. ఈరోజు మామ్మ తిట్ల దెబ్బకి మొదటిసారి అడిగాడు, హాస్టల్ గదులకి లోపల గడియ ఉంటుందా అని. ఈ వారం ఒక్కటీ ఆగండి."

"అంటే వారం రోజులు అబద్ధం చెప్పాలా?"

"చెప్పక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు."

"నాకు అలవాటు లేదండీ."

"ఆ సంగతి నిన్ననే తెలిసింది."

అతను నవ్వాడు. పిండి లేని మొహంతో నవ్వితే బాగానే ఉంటాడని ఆమెకు అప్పుడే తెలిసింది. తెలియకపోతే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది.

"సరేనండీ," అన్నాడతను.

"ఊళ్లో ఎవరేమనుకుంటున్నారో రోజూ వచ్చి చెప్పండి," అందామె.

"ఊరికే వస్తే బాగోదేమో."

"మిల్లుకి ఊరికే ఎవరొస్తారు? గింజలు తెచ్చుకోండి."

*

మంగళవారం అతను చిన్న సంచిలో గోధుమలు తెచ్చాడు. ఆమె పట్టి ఇచ్చింది. బుధవారం అదే సంచితో మళ్లీ వచ్చాడు. ఆమె మూతి విప్పి చూసింది.

"ఇది పిండి."

"అవునండీ."

"నిన్న నేను పట్టిన పిండే."

"ఇంకాస్త మెత్తగా ఉంటే బాగుంటుందని..."

"మీ గదిలో పొయ్యే లేదు. టీ కొట్లో తింటారు. ఈ పిండితో ఏం చేస్తారు?"

అతను నిజాయితీగా ఆలోచించాడు. "ఇంకా అనుకోలేదండీ."

చల్లకొచ్చి ముంత దాచేవాళ్లని ఆమె చాలామందిని చూసింది. చల్లనే మళ్లీ చిలకమని తెచ్చినవాడిని చూడటం ఇదే మొదలు. నవ్వు బయటపడకుండా తల తిప్పుకుని స్విచ్ వేసింది.

గురువారం కూడా అదే సంచి. "ఇంకోసారి పడితే గాల్లో కలిసిపోతుంది," అని హెచ్చరించింది. వరసలో ఉన్న మామ్మ ఆ సంచి వంకా, ఆ కుర్రాడి వంకా మార్చి మార్చి చూసింది.

"పాపం, ఈ వయసులోనే పళ్లు లేవేమో," అంది.

అతను పళ్లన్నీ కనిపించేలా నవ్వి, ఉన్నాయని రుజువు చేసుకోవాల్సి వచ్చింది.

ఊళ్లో మాత్రం వాలంటీర్ల కాగితాల్లో లేని వింతలన్నీ జరుగుతున్నాయి. మేక అన్నదమ్ములు మంగలి షాపుకెళ్లి, "మా జడ్జిని కాలేజీలో వేస్తావా, మేం గడ్డాలు పెంచుకోమంటావా" అని బెదిరించారు. ఇన్‌స్పెక్టర్ తండ్రి సైకిల్ షాపుకి గిరాకీ తగ్గిపోయింది, లోపల అమ్మాయి ఉంటే బ్రేకులు చెక్ చేస్తుందని భయం. కూతుర్ని చదువుకి పంపితే తప్ప వ్యాపారం సాగదని ఆయనే ఒప్పుకున్నాడు. ఉపన్యాసాలు ఏళ్ల తరబడి చేయలేనిది ఒక పొరపాటు నాలుగు రోజుల్లో చేసేసింది.

మైకబ్బాయి రోజూ సాయంత్రం ఈ వార్తలన్నీ చేతులు తిప్పుతూ చెప్పేవాడు. పిల్లలకి లెక్కలు చెప్పేటప్పుడు బోర్డు మీద రాసినదాన్ని చొక్కా చేతితో తుడిచేసి, ఆ చేయి చూసి తనే నాలుక కరుచుకునేవాడు. ఆమెకు అతను నచ్చాడు. ఎంత నచ్చాడంటే, సాయంత్రం ఆరవుతుంటే మిల్లు మోతలోనూ అతని అడుగులు వినిపించేవి. ఆ నచ్చడం వెనకే గుండెలో రాయి పడేది. తను ఈ గుమ్మం దాటితే చెల్లెలు ఈ స్టూలు ఎక్కాలి. అందుకని నవ్వొచ్చినప్పుడల్లా తిట్టేది.

*

శుక్రవారం సాయంత్రం వాన కుమ్మేసింది. ఆ వానలో గొడుగేసుకుని మైకబ్బాయి వచ్చాడు. గొడుగు సంచి మీద ఉంది, అతను వానలో ఉన్నాడు.

"గొడుగు మనుషులకండీ!" అంది ఆమె గుమ్మంలోంచి.

"పిండి తడిస్తే మీరు పట్టరు కదా!"

అంత జాగ్రత్త పడ్డవాడు గుమ్మం దగ్గర జారి సంచిని గుండెకి హత్తుకున్నాడు. తడి చొక్కా, మూడుసార్లు పట్టిన పిండి. సంచి పిగిలి, క్షణంలో మనిషి ముద్ద కలిపినట్టయ్యాడు. ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మిల్లు మూలిగి ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం వాళ్లిద్దరికీ కొత్త. ఇంతవరకు అరుచుకునే మాట్లాడుకున్నారు. వాన చప్పుడులో ఇప్పుడు మామూలు గొంతుతో మాట్లాడాలంటే ఇద్దరికీ సిగ్గేసింది.

"నేను రోజూ వచ్చేది..." అన్నాడతను.

"ఊ?"

"పిండి కోసం కాదండీ."

"తెలుసు," అంది. తన గొంతు అంత మెత్తగా ఉంటుందని ఆమెకే తెలియదు.

అతను ఒక అడుగు ముందుకేశాడు. చొక్కా మీంచి ఒక ముద్ద ఊడి కిందపడింది. అదే సమయానికి వెనకనుంచి దగ్గు వినిపించింది. నడుం పట్టుకుని, గొడుగు ముడుస్తూ తండ్రి లోపలికి వచ్చాడు.

ఆయన కోపంగా లేడు. అందుకే ఆమెకు భయం వేసింది.

"బాబూ," అన్నాడు. "ఇన్ని రోజుల్నుంచీ ఊరు నన్ను కొట్టకుండా కొడుతోంది. సోమవారం పిల్లని పంపుదామనే అనుకుంటున్నాను. దాన్ని ఎప్పుడూ ఇల్లు దాటించలేదు. నీ మొహం చూసి అడుగుతున్నా. ఆ పోస్టింగులు నిజమేనా?"

మిల్లు అమ్మాయి చెప్పొద్దని తల అడ్డంగా ఊపింది. తండ్రి వెనకనుంచి కళ్లతో, చేతులతో, ఆఖరికి చాటతో కూడా సైగలు చేసింది. అతను ఆమె వంక చూశాడు. తల దించుకున్నాడు.

"ఆటండీ. ఉత్తుత్తి బ్యాడ్జీలు. తప్పు నాదే."

తండ్రి తలూపి, గొడుగు విప్పుకుని, వానలోకి వెళ్లిపోయాడు.

"నువ్వు మనిషివేనా?" అందామె. ఆ గొంతుకి బయట వాన చిన్నబోయింది. "మూడు రోజులు! ఇంకో మూడు రోజులు నోరు మూసుకోలేకపోయావా?"

"నన్ను 'నువ్వు' అన్నారు," అన్నాడతను తెల్లబోయి.

"అంటాను! ఇంకా చాలా అంటాను! దాని పుస్తకాలు నువ్వే తెచ్చి ఈ స్టూలు కింద పెట్టు, ఎత్తు సరిపోతుంది!"

అతను కళ్లు తుడుచుకున్నాడు. పిండి కళ్లలోకి పోయి ఇంకా ఎక్కువైంది. "అబద్ధం చెప్పి పంపిస్తే, ఆ పిల్ల మొదటి పరీక్ష తప్పిన రోజున ఆయనకి నిజం తెలిస్తే? ఆ రోజే వెనక్కి తెచ్చేస్తారు. మళ్లీ చదువన్నవాడిని ఎవర్నీ నమ్మరు. మీరు తిట్టండి. కానీ ఆ మనిషి మొహం చూసి నేను అబద్ధం చెప్పలేకపోయాను."

అతను చెప్పింది తప్పయితే బాగుండునని ఆమె ఎంతో కోరుకుంది. స్టూలు మీద కూలబడి ఏడ్చింది.

ఇంతలో కరెంటొచ్చింది. దాంతో పాటే స్తంభం మీంచి తండ్రి గొంతు. "హలో. మిల్లు ఓనర్ని. ఊరి వాళ్లందరికీ చెప్పేదేంటంటే, ఆ బ్యాడ్జీలు ఉత్తుత్తివి. డాక్టరూ లేదు, జడ్జీ లేడు. మా చిన్నది రేపట్నుంచి మిల్లులో కూర్చుంటుంది."

*

వానని లెక్కచేయకుండా ఊరంతా హాలుకి వచ్చేసింది. అక్కచెల్లెళ్లిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గోడవార నిలబడ్డారు. పిండిముద్దల చొక్కాతో మైకబ్బాయి ముద్దాయిలా మధ్యలో ఉన్నాడు. నిజంగా ముద్దాయే, ఇన్‌స్పెక్టర్ వచ్చి మణికట్టు పట్టుకుంది.

"ఆర్డర్! ఆర్డర్!" అంటూ జడ్జి బల్ల మీద కొట్టాడు. వాడి చేతిలో ఉన్నది తండ్రి షాపులోని గడ్డం బ్రష్షు, అందుకని చప్పుడు రాలేదు.

"ఒరేయ్, నువ్వు జడ్జివి కాదని ఇప్పుడే చెప్పానుగా!" అన్నాడు మిల్లు ఓనరు.

మోకాళ్ల మామ్మ లేచింది. హాలంతా సద్దుమణిగింది.

"ఇది ఆటని మాకు తెలీదనుకున్నావట్రా? పదహారేళ్ల పిల్ల రాత్రికి రాత్రి డాక్టరెలా అవుతుంది? మేం తినేది అన్నమే."

"మరి?" అన్నాడు ఓనరు. మైకబ్బాయి కూడా "మరి?" అన్నాడు.

"ఆసుపత్రికి డాక్టరొస్తాడని నా పెళ్లినాటి నుంచీ చెబుతున్నారు. వచ్చినవాళ్లు మొహం కూడా చూపించకుండా పోయారు. ఈ పిల్ల నా ఎదుట నిలబడి, నాకు తెలీదు, నేర్చుకుని వస్తానంది. ఆ మాట నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదురా. బ్యాడ్జీ ఉత్తుత్తిదైతే కానీ. నా మోకాలు ఉత్తుత్తిదా? అది ఇచ్చిన మాట ఉత్తుత్తిదా?"

చెల్లెలు ముక్కు చీదుకుంటూ ముందుకొచ్చింది. "కాదు మామ్మా. నిజంగానే చెప్పాను."

తండ్రి నడుం పట్టుకున్నాడు. "మరి మిల్లు ఎవరు చూస్తారు? నాకు నడుం లేదు. పెద్దది పెళ్లయి వెళ్లిపోతుంది. పెద్దది చదువు మానేసి ఆగలేదా? ఏం తక్కువైంది దానికి?"

మిల్లు అమ్మాయి గోడ వదిలి వచ్చింది. ఆరేళ్లుగా మోతలో కలిపేసిన మాట బయటికొచ్చింది.

"నేను ఆగలేదు నాన్నా. నన్ను ఆపారు. ఏం తక్కువైందో అడిగారు కదా. కాలేజీ బస్సు మిల్లు ముందునుంచి వెళ్లేటప్పుడు నేను వెనక్కి తిరిగి బస్తాలు సర్దుకుంటాను. రోజూ. మీకు నడుం నొప్పని ఎప్పుడూ అనలేదు. కానీ నాకు చదువుకోవాలని ఉండేది. ఇప్పటికీ ఉంది."

తండ్రి ఆమె వంక చూస్తూ ఉండిపోయాడు. ఇంట్లో ఉన్న మనిషిని ఆరేళ్ల తర్వాత చూసినట్టుంది ఆ చూపు.

జడ్జి మళ్లీ బ్రష్షు ఊపాడు. "మిల్లులో కష్టం ఏంటి?"

"బస్తా ఎత్తి పైడబ్బాలో పోయడం," అన్నాడు ఓనరు.

"స్విచ్ వేయడానికి నడుం కావాలా?"

"అక్కర్లేదు."

"అయితే ఎవరి గింజలు వాళ్లే ఎత్తి పోసుకోవాలి. ఓనరుగారు స్విచ్ వేయాలి. ముసలివాళ్లవి మేక అన్నదమ్ములు పోస్తారు, ఎలాగూ గడ్డికి కలిసే వెళ్తున్నారు. తీర్పు ఇంతే."

హాల్లో అందరూ మొహమొహాలు చూసుకున్నారు. ఆరేళ్లలో ఈ ఉపాయం ఒక్కరికీ తట్టలేదు. ఎందుకు తట్టలేదంటే, స్టూలు మీద ఒక ఆడపిల్ల ఎలాగూ ఉంది కాబట్టి.

"చిన్నది సోమవారం వెళ్తుంది," అన్నాడు తండ్రి మెల్లగా. చెల్లెలు ఎగిరి ఆయన మెడ పట్టుకుంది. ఆయన "నడుం! నడుం!" అని అరిచాడు.

"ఇంకో కేసుంది," అంది ఇన్‌స్పెక్టర్, ముద్దాయిని ముందుకు తోస్తూ. "ఈయన ఒకే పిండిని మూడుసార్లు పట్టించాడు. అనుమానాస్పదంగా ఉంది."

"సాక్షిని నేను!" అంది మామ్మ హుషారుగా.

"కారణం చెప్పాలి," అన్నాడు జడ్జి. "మీకు అబద్ధం రాదని ఇందాకే రుజువైంది."

మైకబ్బాయి చెవులదాకా ఎర్రబడ్డాడు. "అమ్మాయిగారిని చూడటానికండీ."

"పెళ్లి చేసుకుంటావా?" అన్నాడు తండ్రి సూటిగా.

"ఆవిడకి ఇష్టమైతే. కానీ ఆవిడ ఇందాక నన్ను మనిషివేనా అన్నారు. అది తేలాలి."

ఊరంతా ఆమె వంక తిరిగింది. ఆమెకు మొహంలోకి వెచ్చగా రక్తం పొంగింది. ఈసారి పిండి అడ్డం లేదు, దాచుకోవడానికి మిల్లు మోత కూడా లేదు.

"మనిషివే," అంది. "నాకు ఇష్టమే. కానీ నేను ముందు ఇంటర్ ప్రైవేటుగా కడతాను. పాసయ్యాకే పెళ్లి. తప్పితే మళ్లీ కడతాను. అప్పటిదాకా ఆగుతావా?"

"పది తర్వాత చదువు ఆపకూడదని చెప్పడానికే కదా వచ్చాను," అన్నాడతను ఏడుపు మొహంతో. ఎరక్కపోయి వచ్చి ఇరుక్కుపోవడమంటే ఏమిటో అతనికి అప్పుడు అర్థమైంది.

*

రెండేళ్లు అతను ప్రతి ఆదివారం వచ్చి వర్క్‌షాపు పెట్టాడు. పిల్లలకి లెక్కలు చెప్పేవాడు, వెనక బల్ల మీద కూర్చున్న ఆమెకీ చెప్పేవాడు. లెక్క తప్పితే ఆమె తిట్టేది, సరిగ్గా వస్తే ఇంకా గట్టిగా తిట్టేది, ముందే ఇలా ఎందుకు చెప్పలేదని. మిల్లులో తండ్రి స్విచ్ వేసేవాడు. జనం ఎవరి సంచులు వాళ్లు ఎత్తిపోసుకుంటూ, "పెద్దమ్మాయి చదువుకుంటోంది, చప్పుడు చేయకండి" అని ఒకరినొకరు గదమాయించుకునేవారు, మిల్లు మోతలోనే.

ఇంటర్ ఫలితాలొచ్చిన రోజు ఆమె పాసైంది. మైకబ్బాయి ఇస్త్రీ చొక్కాలో, చేతిలో పిండి లేకుండా, మొదటిసారి పెళ్లికొడుకులా వచ్చి కూర్చున్నాడు. సెలవులకొచ్చిన చెల్లెలు టీ ఇచ్చింది.

"అయితే పెళ్లి తేదీ..." అన్నాడు అతను.

"అదే ఆలోచిస్తున్నా," అందామె పుస్తకం మూసి. "డిగ్రీ కూడా చేయాలనుంది."

టీ గ్లాసు అతని చేతిలో ఆగిపోయింది. వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు. కాదనే మొహం లేదు, అవుననే ఓపిక లేదు. చెల్లెలు లోపలికి పారిపోయి నవ్వుతోంది.

అప్పుడు తండ్రి గొంతు సవరించుకున్నాడు. ఎవరి మొహమూ చూడకుండా, గోడ మీద బల్లిని చూస్తూ మాట్లాడాడు.

"పెళ్లయితే చదవకూడదని ఎక్కడుంది? రెండూ కలిపి చేసుకోమను. ఓసారి ఆపింది చాలు. ఈసారి ఎవరైనా ఆపితే నేనూరుకోను, అల్లుడైనా సరే."

"నేనెందుకు ఆపుతానండీ!" అని లేచి నిలబడ్డాడు మైకబ్బాయి.

ఆమె మొహం చేతుల్లో దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. అతను కంగారుగా వచ్చి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఏమైంది? ఇష్టం లేదా? ఇష్టం లేకపోతే చెప్పు, ఇంకో మూడేళ్లు ఆగుతాను. నిజంగా ఆగుతాను."

"ఇష్టమేలే," అందామె అతని భుజం మీద తల పెట్టి. "ముందు కాసేపు నన్ను ఏడవనివ్వు."